వణకని అంకె

లేకపోతే ఆ నవ్వే అయి ఉండాలి. మూడు నెలల కిందటిది. నవ్వు అని కూడా అనలేం. ముక్కులోంచి కాస్త గాలి జారింది, అంతే. రేడియోలో దేశాన్నేలే పెద్దాయన మాట్లాడుతున్నాడు. ప్రజల మనసులో ఏముందో నిద్రలో లేపి అడిగినా చెబుతానంటున్నాడు. సరిగ్గా ఆ మాట దగ్గరే గాలి జారింది. గదిలో ఇంకో ఇద్దరున్నారు. భార్య బల్ల మీద గుడ్డ పరిచి కత్తిరిస్తోంది. బావమరిది భోజనం చేస్తున్నాడు. ఇద్దరిలో ఒక్కరూ తలెత్తలేదు. ఇప్పుడు గుచ్చుకుంటున్నది అదే. చప్పుడైతే మనిషన్నవాడు తలెత్తుతాడు. ఎత్తలేదంటే, విన్నట్టు తెలియనివ్వకూడదనుకున్నాడన్నమాట.

“మిల్లీగ్రాముగారూ, రాయి పెట్టి పావుగంటయింది. మొలకలొస్తాయి దానికి,” అంది ఉల్లిపాయలామె.

తూకాల ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడి కాటా వైపు చూశాడు. బజారంతా తనను మిల్లీగ్రాము అంటుందని అతనికి తెలుసు. వెనక అందరూ అంటారు, మొహం మీద అనేది ఈవిడొక్కతే. పళ్లెంలో రెండు కిలోల ఇత్తడి రాయి ఉంది. తెర మీద రెండు, పక్కన మూడు సున్నాలు. రాయి తీసి మళ్లీ పెట్టాడు. మూడు సున్నాలు. మూలకు జరిపి పెట్టాడు. మూడు సున్నాలే.

“ఇది ఎక్కడ కొన్నావు?”

“కూడలి దగ్గర కొత్త షాపులో. ఏం, బాగా లేదా? రెండంటే రెండే చూపిస్తోందిగా.”

“అదే దాని జబ్బు. నిజంగా తూచే కాటాకు చివరి అంకె కాస్త వణకాలి. గాలికి, నీ ఊపిరికి, పక్కన బండి పోయినా సరే. ఇది తూచడం లేదు. బట్టీ పట్టినది అప్పజెబుతోంది.”

కళ్లజోడు పెట్టె తీసి రాయి మీద పెట్టాడు. అంకె కదల్లేదు. రెండు కిలోల దరిదాపుల్లో ఏది పెట్టినా రెండే అని చెప్పేలా లోపల ఎవరో సర్దారు.

“నేను కాదు బాబూ,” అంది ఉల్లిపాయలామె.

“నువ్వని ఎవరన్నారు?”

“మీ చూపు అంటోంది.”

ఆ మాట అతనికి తగిలింది. నిన్నటి నుంచి తన చూపు కనిపించిన వాళ్లందరినీ అదే అంటోంది కాబోలు.

సంచిలో రెండు పట్టుకార్లు ఉంటాయి. ఒకటి మంచి కాటాలకు. కాటాకు వేలాడే సీసపు బిళ్లను దాని నోట్లో పెట్టి నొక్కితే అతని సంఖ్య, ఇరవై ఆరు, బిళ్ల మీద పడుతుంది. రెండోది రద్దుకు. అది నొక్కితే ఆ సంఖ్య మీద అడ్డంగా గీత పడుతుంది. గీత పడ్డాక ఆ కాటా మీద అప్పటిదాకా చేసిన తూకం ఏదీ చెల్లదు. అదొక్కటే కాదు, ఆ కాటాతో పాటు అదే రోజు ముద్ర పడ్డవన్నీ మళ్లీ పరీక్షకు రావాలి. పాతకాలపు చట్టం, ఇంకా మార్చలేదు. మార్చేటంత గొప్పది కాదని పెద్దవాళ్లు దాన్ని మర్చిపోయి ఉంటారు. అతను రెండో పట్టుకారు తీసి నొక్కాడు.

“రేపటికి వేరేది తెచ్చుకో.”

“రేపు మీరే వస్తారా?” అంది ఆమె, ఏదో తెలిసినట్టు.

ఏం తెలుసు ఈవిడకు? ఎవరు చెప్పారు? నవ్వుతూ అందా, మామూలుగా అందా? నాలుగు దుకాణాలు దాటేదాకా ఆ ప్రశ్న అతని వెనకే నడిచింది.

ఈసారి ఎన్నికలో ఎవరూ ఓటు వేయలేదు. వేయనక్కర్లేకుండా కుర్చీలు వచ్చాయి. ప్రతి పేటకూ ఒక కుర్చీ. సొంత కార్డు పక్కనున్న చీలికలో పెట్టి, కుర్చీలో మూడు నిమిషాలు కూర్చుని, చేతులు రెండూ ఇనుప పలకల మీద ఆనిస్తే మనసు ఎటు మొగ్గుతోందో అది కొలుస్తుంది. మనిషి నోటితో అబద్ధం చెప్పొచ్చు, మొహమాటానికి పోవచ్చు, చివరి నిమిషంలో తికమకపడొచ్చు. కుర్చీకి అవేమీ లేవన్నారు. కూర్చున్న నెలకు చీటీ ఇంటికి వస్తుంది. అతని చీటీ నిన్న వచ్చింది. మీ ఓటు ప్రతిపక్షానికి. మొగ్గు నూటికి డెబ్బై ఒకటి పాయింటు నాలుగు.

ప్రతిపక్షానికి ఓటు పడటం నేరం కాదు. చీటీ వెనక ఆ మాట రాసే ఉంది. కాకపోతే, అలా పడ్డవాళ్ల చేతిలో ప్రభుత్వ ముద్రలు ఉండకూడదు. చీటీ వచ్చిన మూడో రోజు సాయంత్రం ఐదింటికి అతని పట్టుకార్లు తిరిగి ఇచ్చేయాలి, నెలలోపు ఆఫీసు వాళ్ల ఇల్లు ఖాళీ చేయాలి. ఇరవై ఆరేళ్ల ఉద్యోగం. కాదు, ఇది నా మనసు కాదు అనుకుంటే ఆ గడువులోపే అభ్యంతర పత్రం ఇవ్వొచ్చు. అందులో ఏడో గడి ఒకటుంది. మీ మనసును తప్పుదారి పట్టించిన వ్యక్తి పేరు. కుర్చీ తప్పు కొలవదు కనుక, ఆ మొగ్గు మీది కాదంటే ఎవరో మీలో పెట్టి ఉండాలి. వాళ్లెవరో చెబితే వాళ్లను ఆరు వారాలు సవరణ తరగతులకు పంపుతారు, మీ చీటీ దిద్దుతారు. గడి ఖాళీగా ఉంటే పత్రం తీసుకోరు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట, చనిపోయినవారి పేర్లు చెల్లవు. దాంతో అతని తండ్రి బతికిపోయాడు.

తన మనసేమిటో తనకే తెలియకపోవడం అతన్ని అన్నిటికన్నా ఎక్కువగా తినేస్తోంది. ఎప్పుడూ ఎవరి పక్షం గురించీ ఆలోచించినట్టు గుర్తు లేదు. కాటాలు సరిగ్గా ఉంటే చాలనుకుని బతికాడు. మరి డెబ్బై ఒకటి పాయింటు నాలుగు ఎక్కడి నుంచి వచ్చింది? వెతికితే దొరక్కపోదని జేబులు తడుముకున్నట్టు తన బుర్రంతా తడుముకున్నాడు. దొరికింది ఆ నవ్వొక్కటే. అయితే ఆ నవ్వు తనలోకి ఎవరు పెట్టారు?

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బావమరిది చేతులకు అంటిన గ్రీజు కడుక్కుంటున్నాడు. లిఫ్టు మెకానిక్కు. పెళ్లి కాలేదు, రెండేళ్లుగా అక్కా బావల దగ్గరే ఉంటున్నాడు. నోటికి మూత లేని మనిషి. నవ్వు పుట్టించేది ఎవరంటే వీడే. పెద్దాయన గొంతును అనుకరిస్తూ, పై అంతస్తు, కింది అంతస్తు అని అరుస్తాడు. అనుమానించడానికి ఇంతకన్నా అనువైన మొహం ఇంకోటి ఉండదు. అనువుగా ఉందనే అతనికి నచ్చలేదు.

“ఏం బావా, అలా చూస్తున్నావు? నా మొహం మీద ఏమైనా రాసుందా?”

“ఏం లేదు.”

“లేదు కదా అని నువ్వు రాస్తావేమోనని.”

భార్య గిన్నెలు తెచ్చి బల్ల మీద పెట్టింది. బళ్లకు యూనిఫారాలు కుడుతుంది. మెడలో టేపు, వేళ్లకు సుద్ద. “తినేచోట కాగితాల గొడవ వద్దు,” అంది ఎవరి వైపూ చూడకుండా.

ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. బావమరిది ఊరుకోలేకపోయాడు.

“లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతే లోపలున్నవాళ్లు ఏం చేస్తారో తెలుసా బావా? మొదట జోకులేసుకుంటారు. పది నిమిషాలయ్యాక ఎవడు ఎక్కువ గాలి పీలుస్తున్నాడో లెక్కపెట్టుకుంటారు. తలుపు తీసేసరికి అందరి మొహాలూ ఇప్పుడు నీ మొహం ఉన్నట్టే ఉంటాయి.”

“తిను.”

“తింటాను గానీ ఒక్క మాట. నా పేరు రాయకు బావా. ఆరు వారాలు అక్కడ కూర్చోబెడితే లైసెన్సు లాగేస్తారు. నాకు వేరే పని రాదు.”

“రాస్తానన్నానా?”

“అనలేదు. అనకపోవడమే భయంగా ఉంది.”

ఆమె గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమె ఏమీ అనలేదు. నిన్నటి నుంచీ అనలేదు. చీటీ చూసి, చదివి, రేడియో పక్కన పెట్టింది. ఎందుకిలా వచ్చింది అని అడగలేదు. అడగనివాళ్లకు జవాబు తెలిసి ఉంటుంది.

చొక్కా గుండీ ఊడితే సూది కోసం ఆమె కుట్టుపెట్టె తెరిచాడు. దారాల కింద, కత్తిరించిన కాగితపు నమూనాల మధ్య, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. విప్పితే అభ్యంతర పత్రం. ఖాళీది. తన పత్రం తన సంచిలోనే ఉంది. ఇది ఎవరికి? ఆమె చీటీ పాలకపక్షానికి వచ్చిందని చెప్పింది, చూపించలేదు. నిజంగా అలాగే వస్తే ఈ కాగితంతో పనేముంది? ఆమెకు కూడా వేరేలా వచ్చి ఉంటే, ఏడో గడిలో ఎవరి పేరు రాస్తుంది? ఏ ఇంటి ఇల్లాలైనా మొదట ఎవరి పేరు రాస్తుంది?

కాగితం ఉన్నట్టే మడిచి, దారపు కండెలు ఉన్న వరసలోనే పెట్టి, గుండీ లేకుండానే చొక్కా తగిలించాడు. ఆ రాత్రి ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నిద్ర నటించారు.

పొద్దున టీ గ్లాసు కింద ఆ కాగితం ఉంది. ఇప్పుడు ఖాళీగా లేదు. అతని పేరు, కార్డు సంఖ్య, చిరునామా, అన్నీ ఆమె గుండ్రటి అక్షరాల్లో. ఏడో గడి దాకా చదివి ఆగిపోయాడు. అందులో ఆమె పేరు ఉంది.

“సంతకం ఒక్కటే మిగిలింది,” అంది ఆమె, మిషన్‌లో దారం ఎక్కిస్తూ. “మీకిచ్చిన దాంట్లో కొట్టివేతలు పడతాయని వేరేది తెచ్చాను.”

“ఇదేం పని?”

“నాకు పోయేదేముంది? కత్తెరకు ముద్ర అక్కర్లేదు. ఆరు వారాలు కూర్చుని వస్తాను. వాడి పేరు రాస్తే వాడి బతుకు పోతుంది. మీరేమో ఎవరి పేరూ రాయలేక సాయంత్రం దాకా నీళ్లు నములుతూ తిరుగుతారు.”

అతను గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. అడగకూడదనుకుంటూనే అడిగాడు.

“ఆ రోజు రేడియో వస్తున్నప్పుడు నేను నవ్వాను. నువ్వు విన్నావా?”

“విన్నాను.”

“మరి తలెత్తలేదే?”

“నాకూ నవ్వు వస్తోందండీ. ఆపుకుంటున్నాను. తలెత్తితే వాడు చూసేవాడు.”

లోపలి గదిలోంచి బావమరిది గొంతు వినిపించింది. “నేను పొలమారినట్టు దగ్గాను అక్కా, గుర్తులేదా?”

ఆమె తల వంచుకుని సూది కంట్లోకి దారం దూర్చింది. ఆమె మంచితనాన్ని కూడా అతను ఒక్క క్షణం పళ్లెంలో వేసి చూశాడు. ఇంత సులువుగా ఎందుకిస్తోంది, దీని వెనక ఏముంది? వెంటనే సిగ్గేసింది. సిగ్గేసినా ఆ క్షణం జరగనట్టు కాలేదు.

పత్రం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. సంతకం పెట్టలేదు.

నాలుగింటికి పేట కార్యాలయానికి చేరాడు. వరసలో పాతికమంది ఉన్నారు. పరీక్షలో పక్కవాడు కాపీ కొట్టకుండా పిల్లలు పలక దాచుకున్నట్టు అందరూ ఏడో గడి మీద అరచేయి ఆన్చి నిలబడ్డారు. ముందున్న మొగుడూ పెళ్లాలు మధ్యలో ఇద్దరిని పెట్టుకుని నిలబడ్డారు. ఎవరూ ఎవరి కళ్లలోకీ చూడటం లేదు. వెనకనున్న ముసలాయన మాత్రం గొణిగాడు. “మా వియ్యంకుడి పేరు రాశాను. ఎప్పటి నుంచో ఏదో ఒకటి రాయాలని ఉండేది.”

అతని వంతు వచ్చేసరికి నాలుగున్నర దాటింది. కౌంటరు అమ్మాయి పత్రం చూసి, “సంతకం లేదు సార్,” అంది.

“మళ్లీ కూర్చునే హక్కు ఉందట కదమ్మా.”

“ఉంది సార్, మూడుసార్లు. ఎవరూ అడగరు. కూర్చుంటే మళ్లీ అదే వస్తుంది.”

“చూద్దాం.”

కుర్చీ గాజు తలుపు వెనక ఉంది. దగ్గరికి వెళ్లి, అలవాటు చొప్పున మొదట కిందికి చూశాడు. కాలి దగ్గర తీగకు సీసపు బిళ్ల వేలాడుతోంది. దాని మీద ఇరవై ఆరు.

ఆ రోజు గుర్తొచ్చింది. కిందటేడు, శుభ్రమైన బూట్ల వాళ్లిద్దరు ఆఫీసు వెనక ఖాళీస్థలంలో నలభై కుర్చీలు దింపారు. ప్రజల మధ్య ఏది కొలిచినా తూకాల శాఖ ముద్ర ఉండాలని చట్టం, అది వాళ్లకు ఎవరో గుర్తు చేశారు. మధ్యాహ్నం భోజనానికి ముందే అయిపోవాలని పై అధికారి అన్నాడు. కాటాకైతే రాళ్లున్నాయి. మనసుకు రాయి ఎక్కడ తెచ్చేది? కార్డు లేకుండా, మనిషి లేకుండా కుర్చీని వెలిగించి చూశాడు. సున్నా చూపించింది. పుస్తకంలో సున్నా సరి అని రాసి ముద్ర నొక్కాడు. ఆ ఒక్క పూటలోనే నలభై సార్లు. సున్నా మాత్రమే చూసి ముద్ర వేయకూడదని కొత్తగా చేరేవాళ్లకు ఏటా పాఠం చెప్పేది తనే. ఆ రోజు మధ్యాహ్నం భోజనం కూడా బాగానే చేశాడు.

కార్డు పెట్టి కూర్చున్నాడు. మూడు నిమిషాలు. డెబ్బై ఒకటి పాయింటు నాలుగు.

లేచి, కార్డు తీసి, మళ్లీ పెట్టి కూర్చున్నాడు. ఈసారి కావాలనే ఉల్లిపాయలామె కాటా గురించి ఆలోచించాడు, తర్వాత పళ్లు కొరికేంత కోపం తెచ్చుకున్నాడు, తర్వాత భార్య ఆపుకున్న నవ్వును ఊహించుకున్నాడు. డెబ్బై ఒకటి పాయింటు నాలుగు. చివరి నాలుగు మీద కళ్లు నిలిపాడు. అది వణకలేదు.

ఎక్కడో చూసిన జబ్బే.

మూడోసారి కార్డు పెట్టి, తను కూర్చోకుండా భుజం మీది సంచి దించి కుర్చీలో పెట్టాడు. పదకొండు కిలోల ఇత్తడి రాళ్లు, రెండు పట్టుకార్లు, ఒక కళ్లజోడు పెట్టె. అమ్మాయి కాగితాలు సర్దుకుంటోంది. మూడు నిమిషాలు గడిచాయి. తెర మీద అక్షరాలు పడ్డాయి. మొగ్గు ప్రతిపక్షానికి. డెబ్బై ఒకటి పాయింటు నాలుగు.

“సార్, బ్యాగు తీయండి. మీరు కూర్చోవాలి,” అంది అమ్మాయి. అంటూనే తెర వైపు చూసింది. తర్వాత అతని వైపు.

“రాళ్లమ్మా,” అన్నాడు అతను. “నా రాళ్లు కూడా ప్రతిపక్షమే.”

ఆమె నవ్వలేదు. గాజు తలుపు అవతల వరస వైపు చూసి, గొంతు తగ్గించింది. “నాకు తెలియదు సార్. నేను పత్రాలు తీసుకుంటాను, అంతే.”

“నువ్వని ఎవరన్నారు?”

అంకె కార్డులో ఉంది. ఎవరు పెట్టారో, ఏం చూసి పెట్టారో, ముద్రలు పట్టుకున్నవాళ్లలో ఎవరిని తీసేయాలనుకున్నారో అతనికి తెలియదు. ఒక్కటి మాత్రం తెలిసింది. నవ్వు కాదు. బావమరిది గొంతు కాదు. ఆమె మౌనం కాదు. రెండు రోజులు ఇంట్లో ముగ్గురూ ఒకరినొకరు తూచుకున్నది దేనికీ కాదు. ఈ సాయంత్రం ఆ వరసలో పాతికమంది పాతిక పేర్ల మీద అరచేతులు ఆన్చి నిలబడ్డారు. వాళ్లందరికీ ఆ ధైర్యాన్నిచ్చింది ఈ కుర్చీ మీది నమ్మకం. ఆ నమ్మకం మీద ఉన్న అంకె ఇరవై ఆరు.

అతను తన లోపలికి ఇంకోసారి చూసుకున్నాడు. నిన్నంతా వెతికినా దొరకని మొగ్గు ఇప్పుడు అక్కడ ఉంది. ఎంతుందో చెప్పలేడు. కాస్త వణుకుతోంది.

“సార్, సంతకం పెడతారా? టైమవుతోంది,” అంది అమ్మాయి. ఇప్పుడామె గొంతులో బతిమాలుతున్నట్టుంది.

“నా ముద్ర ఎప్పటిదాకా చెల్లుతుందమ్మా?”

ఆమె చీటీ చూసింది. “ఐదింటిదాకా.”

గోడ గడియారంలో ఐదుకు పన్నెండు నిమిషాలుంది. అతను భార్య రాసిన పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి గుండీ లేని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మోకాళ్లు పటపటమంటుండగా కుర్చీ కాలి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. సంచిలో చేయి పెట్టి, చూడకుండానే, బరువును బట్టి రెండో పట్టుకారు పోల్చుకుని బయటికి తీశాడు. సీసపు బిళ్లను దాని నోట్లో పెట్టి, నొక్కాడు.